ఆ చెక్కు ఎవరి జేబులోంచి?

(వాషింగ్టన్ రాష్ట్రంలో తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం, కొద్దిగా సరిచేసిన పాఠం)

నమస్కారం అండీ అందరికీ. వెనకాల కూర్చున్న వాళ్లకి మైకు వినిపిస్తోందా? లేకపోతే ముందుకు రండి, మన సభల్లో మొదటి వరస ఎప్పుడూ ఖాళీయే కదా. (నవ్వులు)

నన్ను పిలిచిన వాళ్లు "అమెరికా పోలీసులు, జాతి వివక్ష, మనం" అని మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాదండీ, మీలో చాలామందిలాగే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కాకపోతే సిటీ కౌన్సిల్ మీటింగులకి వెళ్లడం, కోర్టు కాగితాలు చదవడం ఒక పిచ్చిలా పట్టుకుంది. అందుకని ఈ గంటలో ఆవేశం కన్నా లెక్కలే ఎక్కువ వినిపిస్తాయి, కాస్త ఓపిక పట్టండి.

మనందరికీ తెలిసిన దానితోనే మొదలుపెడతాను. 2023 జనవరి 23 రాత్రి. సియాటిల్ సౌత్ లేక్ యూనియన్‌లో డెక్స్టర్ అవెన్యూ మీద రోడ్డు దాటుతున్న జాహ్నవి కందులని పోలీసు కారు గుద్ది చంపేసింది. ఆదోని అమ్మాయి, నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది, 23 ఏళ్లు. అక్కడ స్పీడ్ లిమిట్ గంటకి 25 మైళ్లు. ఆ కారు 74 దాకా వెళ్లింది, అంటే మన కిలోమీటర్లలో దగ్గర దగ్గర 120. గుద్దేటప్పటికి 63. డ్రగ్స్ ఎక్కువ తీసుకున్నానేమోనని ఎవరో ఫోన్ చేస్తే అక్కడికి వెళ్తున్నాడట.

ఆ కారు నడిపిన ఆఫీసరు తాగి ఉన్నాడా, మత్తులో ఉన్నాడా అని చూడటానికి ఇంకో ఆఫీసర్ని పంపారు. ఆయన పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు కూడా. పని అయ్యాక యూనియన్ అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. ఒంటి మీద కెమెరా ఆన్‌లోనే ఉంది. అందులో ఆయన నవ్వడం వినిపిస్తుంది. మామూలు మనిషే, ఒక చెక్కు రాసేయండి, పదకొండు వేల డాలర్లు, ఎలాగూ 26 ఏళ్లే, ఆమెకి విలువ పరిమితం, ఇదీ ఆ మాటల సారం. వయసు కూడా తప్పు. సిటీ లాయర్లు ఇలా మాట్లాడతారని వాళ్లని వెక్కిరిస్తున్నానని తర్వాత ఆయన వివరణ ఇచ్చుకున్నాడు.

ఆ వీడియో 2023 సెప్టెంబరులో బయటికి వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోయాయి. అందరం ఆ నవ్వు గురించే మాట్లాడాం. న్యాయమే. కానీ నాకు ఆ చెక్కు మాట దగ్గరే బుర్ర ఆగిపోయింది. ఎందుకంటే ఆయన వెక్కిరింపుగా అన్నాడో, నిజంగానే అన్నాడో పక్కన పెట్టండి, అమెరికాలో పోలీసులు ఒక మనిషిని చంపితే ఆ తర్వాత జరిగేది మాత్రం అచ్చంగా అదే. ఎవరో ఒక చెక్కు రాస్తారు. ఆ రాసేవాడు మాత్రం చంపినవాడు అయ్యుండడు.

ఇది ఎలా కుదిరిందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే మిగతాదంతా టీవీ గొడవలాగే కనిపిస్తుంది.

అంతర్యుద్ధం అయ్యాక, దక్షిణాదిలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల ముఠా వాళ్లు నల్లజాతి వాళ్లని చంపుతుంటే స్థానిక అధికారులు చూస్తూ ఊరుకోవడం, కొన్నిచోట్ల వాళ్లే కలిసిపోవడం జరిగేది. అందుకని 1871లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అధికార హోదాలో ఉన్నవాడు నీ హక్కుని తొక్కేస్తే నువ్వు వాడి మీదే ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చు. చదవడానికి అద్భుతంగా ఉంటుంది. తర్వాత సుప్రీంకోర్టు, 1967లో కొంత, 1982లో మరికొంత, దానికి ఒక మినహాయింపు తగిలించింది. దాన్నే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అంటారు. ఆఫీసరు చేసింది తప్పని "అప్పటికే స్పష్టంగా తేలి ఉంటే" తప్ప దావా నడవదు. తేలి ఉండటం అంటే దాదాపు అదే సంగతులతో పాత తీర్పు ఒకటి ఉండాలి.

దాదాపు అంటే ఎంత దాదాపు అనుకుంటున్నారు? టెనెసీలో ఒక మనిషి చేతులు పైకెత్తి నేల మీద కూర్చుని ఉన్నాడు, పోలీసులు కుక్కని వదిలారు, కరిచింది. పాత తీర్పు ఒకటి ఉంది, అందులో పడుకుని లొంగిపోయిన మనిషి మీదకి కుక్కని వదలడం తప్పన్నారు. ఇతను పడుకోలేదు, కూర్చున్నాడు. కాబట్టి సరిపోదు, దావా కొట్టేశారు. నేను కల్పించడం లేదండీ. 2020 జూన్‌లో, దేశమంతా రోడ్ల మీద ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి కూడా ఒప్పుకోలేదు. కాలిఫోర్నియా ఫ్రెస్నోలో ఇంకోటి. సోదాకి వెళ్లిన పోలీసులు రెండు లక్షల డాలర్ల పైన సొమ్ము, నాణేలు నొక్కేశారని వ్యాపారులు ఆరోపించారు. వారెంటు మీద పట్టుకున్న సొమ్ముని దొంగిలించడం రాజ్యాంగ ఉల్లంఘన అని అంతకు ముందు స్పష్టంగా తేలలేదు కాబట్టి ఆఫీసర్లకి రక్షణ ఉందని 2019లో అప్పీలు కోర్టు తేల్చింది. ఐదో క్లాసు పిల్లాడికి తెలిసిన సంగతి కోర్టుకి స్పష్టంగా తేలలేదన్నమాట. (నవ్వులు)

సరే, ఇవన్నీ దాటి దావా గెలిచారనుకుందాం, లేదా సిటీ రాజీకి వచ్చిందనుకుందాం. డబ్బు ఎవరు కడతారు? జోవానా ష్వార్ట్జ్ అని లాస్ ఏంజెలెస్‌లో లా ప్రొఫెసర్ ఒకావిడ, 2006 నుంచి 2011 వరకు 44 పెద్ద పోలీసు శాఖల లెక్కలు తీసి చూశారు. బాధితులకి వెళ్లిన మొత్తం 73 కోట్ల డాలర్ల పైమాట. అందులో ఆఫీసర్లు తమ జేబులోంచి కట్టింది 0.02 శాతం. అంటే వంద డాలర్లలో రెండు సెంట్లు. మిగతాదంతా సిటీ ఖజానా, లేదా ఇన్సూరెన్సు. సిటీ ఖజానా అంటే ఎవరండీ? మీరు కట్టే సేల్స్ టాక్సు, ప్రాపర్టీ టాక్సు.

ఈ చెక్కు ఇంకో పని కూడా చేస్తుంది, నోరు మూయించడం. చికాగో సంగతి చూడండి. 2014 అక్టోబరు 20న 17 ఏళ్ల లక్వాన్ మెక్‌డొనాల్డ్‌ని ఒక ఆఫీసరు కాల్చాడు, పదహారు గుళ్లు. చేతిలో చిన్న కత్తి పట్టుకుని మీదకి వచ్చాడని రిపోర్టుల్లో రాశారు. ఒకరు కాదు, అక్కడున్న వాళ్లలో చాలామంది అదే రాశారు. 2015 ఏప్రిల్‌లో, మేయర్ ఎన్నిక ముగిసిన కొద్ది రోజులకే, కుటుంబం ఇంకా దావా కూడా వేయకముందే, సిటీ కౌన్సిల్ 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. దావా లేకుండా అంత డబ్బు ఎందుకిచ్చారు? పోలీసు కారు డాష్‌బోర్డు కెమెరాలో ఏముందో వాళ్లకి తెలుసు. జర్నలిస్టులు కోర్టుకెళ్లి సాధిస్తే 2015 నవంబరు 24న ఆ వీడియో బయటికొచ్చింది. పిల్లాడు పక్కకి తప్పుకుని వెళ్లిపోతున్నాడు. పడిపోయాక కూడా గుళ్లు తగులుతూనే ఉన్నాయి. హత్యానేరం పెట్టింది సరిగ్గా ఆ రోజే. పదమూడు నెలలుగా ఆ వీడియో బీరువాలో ఉంది, ఆఫీసరు జీతం తీసుకుంటూ ఉన్నాడు. తర్వాత 2018లో నేరం రుజువైంది, 2019 జనవరిలో శిక్ష పడింది, ఆరేళ్ల తొమ్మిది నెలలు, దాంట్లో సగం కూడా పూర్తి కాకుండానే విడుదల. అబద్ధపు రిపోర్టులు రాశారని కేసు పెట్టిన ముగ్గురు నిర్దోషులన్నారు.

జార్జ్ ఫ్లాయిడ్ విషయంలోనూ అంతే. 2020 మే 25 రాత్రి మినియాపొలిస్ పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటనకి పెట్టిన శీర్షిక ఏమిటంటే, పోలీసులతో వ్యవహారంలో ఆరోగ్య సమస్య వచ్చి ఒక మనిషి మృతి. ఎవరూ ఏ ఆయుధమూ వాడలేదని కూడా రాశారు. మోకాలు ఆయుధం కాదు కదా! పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్ తీసి అక్కడే నిలబడి ఉండకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యుండేది. తొమ్మిది నిమిషాల 29 సెకన్లు. ఆఫీసరు మీద విచారణ మొదలవుతుండగానే సిటీ 2 కోట్ల 70 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఈసారి శిక్ష కూడా పడింది, ఇరవై రెండున్నర ఏళ్లు. అతని పోలీసు చీఫే సాక్ష్యం చెప్పాడు. అది జరగడం ఎంత అరుదో చెప్పడానికే ఇదంతా.

(సభలోంచి ఒకరు: ఇవన్నీ ఒక్కొక్క ఆఫీసరు చేసిన తప్పులు కదండీ, దీన్ని వ్యవస్థ అని ఎందుకంటున్నారు?)

మంచి ప్రశ్న అడిగారు సార్, నేను అక్కడికే వస్తున్నాను. దీనికి నాకు నచ్చిన జవాబు ఫెర్గూసన్‌లో ఉంది.

2014 ఆగస్టులో మిజోరి రాష్ట్రం ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాడిని పోలీసు కాల్చి చంపాడు. ఊరు అట్టుడికింది. ఫెడరల్ న్యాయశాఖ దర్యాప్తు చేసి, 2015 మార్చి 4న, ఒకే రోజు, రెండు నివేదికలు ఇచ్చింది. మొదటిది ఆ ఆఫీసరు గురించి. అతని మీద కేసు నిలబడదని తేల్చింది. రెండోది ఆ పోలీసు శాఖ గురించి. అది చదివితే ఒళ్లు మండిపోతుంది. అందరూ ఒక నివేదికే చదివి వాదించుకుంటారు, ఎవరికి కావలసింది వాళ్లు. రెండూ కలిపి చదివితేనే మీ ప్రశ్నకి జవాబు.

ఆ ఊరు ఇరవై వేల జనాభా. సిటీకి డబ్బు కావాలి. ఫైనాన్సు అధికారి పోలీసు చీఫ్‌కి ఈమెయిలు పెడతాడు, టికెట్లు ఎక్కువ రాయకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగవు అని. పోలీసులు ఎవరికి రాస్తారు? ఎదురు తిరగలేని వాళ్లకి, లాయర్ని పెట్టుకోలేని వాళ్లకి. జనాభాలో నల్లజాతి వాళ్లు 67 శాతం, ఆపిన కార్లలో 85, రాసిన టికెట్లలో 90, అరెస్టుల్లో 93. "నడిచే తీరు" అని ఒక నేరం ఉందండీ అక్కడ, అంటే రోడ్డు మీద సరిగ్గా నడవలేదని. అందులో 95 శాతం నల్లవాళ్లే. పార్కింగు తప్పుకి ఒకావిడకి రెండు టికెట్లు, 151 డాలర్లు జరిమానా. కట్టలేక, కోర్టుకి వెళ్లలేక, వారెంటు, అరెస్టు, మళ్లీ జరిమానా, ఆరు రోజులు జైలు. మొత్తం 550 కట్టింది. ఏడేళ్ల తర్వాత ఇంకా 541 బాకీ ఉంది! మన ఊళ్లలో వడ్డీ వ్యాపారి కూడా ఇంతకన్నా నయం.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవడో ఒకడు నల్లవాళ్ల మీద కసితో పళ్లు కొరుకుతున్నాడా? కొందరు అసహ్యమైన జోకులు ఈమెయిళ్లలో పంపుకున్నారు, అదీ నివేదికలో ఉంది. కానీ ఆ ఈమెయిళ్లు పంపినవాళ్లందరినీ తీసేసి, దేవుడిలాంటి వాళ్లని తెచ్చి కూర్చోబెట్టినా, వసూళ్లు పెంచమన్న ఆదేశం అలాగే ఉంటే టికెట్లు పడేది అదే వీధిలో. వ్యవస్థ అనేది అందుకే.

(సభలోంచి ఒకావిడ: మెంఫిస్‌లో కొట్టిన పోలీసులు కూడా నల్లవాళ్లే కదా? మరి అది జాతి వివక్ష ఎలా అవుతుంది?)

అవునమ్మా, ఐదుగురూ నల్లజాతి వాళ్లే. 2023 జనవరి 7, టైరీ నికల్స్ అనే నల్లజాతి యువకుడు, 29 ఏళ్లు, వాళ్ల దెబ్బలకి ప్రాణం పోయింది. నిర్లక్ష్యంగా కారు నడిపాడని ఆపామన్నారు, దానికి ఆధారం కనిపించలేదని తర్వాత వాళ్ల చీఫే చెప్పింది. వాళ్లది స్కార్పియన్ అనే ప్రత్యేక దళం. నేరాలు ఎక్కువ ఉన్న పేటల్లో కార్లు ఆపు, సోదా చెయ్యి, పట్టుకో, అదే డ్యూటీ. మీరు ఆలోచించండి, ఆ దళం తెల్లవాళ్ల పెద్ద ఇళ్లున్న పేటలో రాత్రిపూట ఒక డాక్టరుగారి అబ్బాయిని కారులోంచి లాగి అలా కొట్టేదా? కొట్టేవాడి రంగు కన్నా, ఎవరిని కొడితే ఎవరూ అడగరో అన్న అంచనా ముఖ్యం. మన దగ్గర దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. లాకప్పులో దెబ్బలు తినేవాడి కులం, కొట్టే కానిస్టేబులు కులం ఒక్కటే అయిన సందర్భాలు మీకు తెలియవా?

ఇక మన వాషింగ్టన్ రాష్ట్రానికి వస్తాను. ఇది చెప్పడానికే అసలు ఒప్పుకున్నాను.

2010 ఆగస్టు 30. సియాటిల్ డౌన్‌టౌన్ అంచున, బోరెన్, హోవెల్ వీధులు కలిసే చోట, జాన్ టి. విలియమ్స్ అని ఆదిమజాతికి చెందిన శిల్పి రోడ్డు దాటుతున్నాడు. వాంకూవర్ ద్వీపం వాళ్లు, ఏడు తరాలుగా కర్రతో టోటెమ్ స్తంభాలు చెక్కే కుటుంబం. చేతిలో చెక్కముక్క, చెక్కుకునే చిన్న కత్తి. ఒక చెవి వినిపించదు. పోలీసు కారు దిగి కత్తి పడెయ్యి అని అరిచాడు, నాలుగైదు సెకన్లలో కాల్చేశాడు. పోలీసు శాఖ సొంత విచారణే ఆ కాల్పులు సమర్థనీయం కాదంది. అయినా ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేనన్నాడు. ఎందుకంటే అప్పటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ఆఫీసరు "దుర్బుద్ధితో" చంపాడని నిరూపించాలి. దుర్బుద్ధిని ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తారు? ఆఫీసరు రాజీనామా చేసి వెళ్లిపోయాడు. సిటీ 15 లక్షల డాలర్ల చెక్కు రాసింది.

కానీ ఈసారి కథ చెక్కుతో ఆగలేదు. ముప్పైకి పైగా సంఘాలు కలిసి ఫెడరల్ న్యాయశాఖకి ఉత్తరం రాశాయి. వాళ్లు దర్యాప్తు చేసి, 2011 చివర్లో, సియాటిల్ పోలీసులు బలప్రయోగం చేసిన సందర్భాల్లో దాదాపు ఐదింట ఒకటి రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2012లో శాఖ మొత్తం ఒక ఫెడరల్ జడ్జి పర్యవేక్షణ కిందకి వచ్చింది. అదే కన్సెంట్ డిక్రీ.

తర్వాత 2017 జూన్ 18. చార్లీనా లైల్స్, నల్లజాతి మహిళ, 30 ఏళ్లు, గర్భిణి. ఇంట్లో దొంగతనం జరిగిందని తనే పోలీసులకి ఫోన్ చేసింది. మానసికంగా బాగోలేదని పోలీసులకి ముందే తెలుసు. వచ్చిన ఇద్దరు, ఆమె చేతిలో కత్తి ఉందని, పిల్లలు ఇంట్లో ఉండగానే కాల్చేశారు. కాల్పుల వీడియో లేదు, ఆ ఇద్దరి ఒంటి మీదా కెమెరాలు లేవు. ఎన్నేళ్లుగానో నలుగుతున్న కెమెరాల విషయం అప్పుడు కదిలింది. మరుసటి నెల మేయర్ ఉత్తర్వు ఇచ్చాడు, గస్తీ పోలీసులందరూ ఒంటి మీద కెమెరా పెట్టుకోవాలని.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ దగ్గరికి రండి. జాహ్నవి గురించి ఆ ఆఫీసరు నవ్వడం మనకి ఎలా తెలిసింది? ఒంటి మీద కెమెరా వల్ల. పోలీసు శాఖ ఉద్యోగి ఒకరు రోజువారీ పనిలో అది విని, ఇది బాగోలేదని పై వాళ్లకి పంపడం వల్ల. ఆ కెమెరా చార్లీనా లైల్స్ పోయాక వచ్చింది. ఆ ఉద్యోగి ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఏర్పాటు, విచారణ చేసే పౌర కార్యాలయానికి బలం, విలియమ్స్ పోయాక మొదలైన పోరాటంలోంచి వచ్చాయి. నవ్విన ఆఫీసర్ని 2024 జులైలో తీసేశారంటే, కారు నడిపిన వాడిని 2025 జనవరిలో తీసేశారంటే, మన కాన్సులేట్ ఉత్తరాలు, మన సంఘాల కొవ్వొత్తుల ర్యాలీలు కొంత పని చేసి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ ఉత్తరాలు పట్టుకుని వెళ్లడానికి ఒక తలుపు ఉండాలి కదా, ఆ తలుపు పెట్టించింది మనం కాదు. మన ఇళ్లలో, పార్టీల్లో, ఒక వెకిలి మాటతో పిలుస్తామే, ఆ నల్లవాళ్లూ, రోడ్డు పక్కన తాగి పడుంటారని మనం పక్కకి తప్పుకుని నడిచే ఆదిమజాతి వాళ్లూ పెట్టించారు.

కారు నడిపిన వాడి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. 2024 ఫిబ్రవరిలో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ నేరం నిరూపించలేమన్నారు. చివరికి నిర్లక్ష్యపు డ్రైవింగుకి 5,000 డాలర్ల జరిమానా. ఆ నవ్విన ఆఫీసరు అన్న పదకొండు వేల కన్నా కూడా తక్కువే.

ఆ "దుర్బుద్ధి" చట్టం ఏమైందో చెప్పాలి. బంధువుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు సంతకాలు సేకరించి 2018 నవంబరులో ఐ-940 పేరుతో దాన్ని మార్చే ప్రతిపాదనని బ్యాలెట్ మీదకి తెచ్చాయి. దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచింది. మనలో సిటిజెన్లు అయిన వాళ్లు ఎంతమంది ఓటేశారో మరి. (నవ్వులు) 2024 జూన్‌లో ఆబర్న్ ఆఫీసరు ఒకడికి హత్యానేరం రుజువైంది. ఈ కొత్త చట్టం కింద అదే మొదటిది. చనిపోయిన కుర్రాడు కంబోడియా శరణార్థుల బిడ్డ. అటు టకోమాలో పోలీసుల చేతిలో చనిపోయిన మాన్యుయెల్ ఎల్లిస్ "ఊపిరాడటం లేదు సార్" అన్నాడు, వీడియోలో ఉంది, ఆ "సార్" కూడా ఉంది. ముగ్గురు ఆఫీసర్లని 2023 డిసెంబరులో జ్యూరీ నిర్దోషులంది, మరుసటి నెల సిటీ ఒక్కొక్కరికి ఐదు లక్షల డాలర్లిచ్చి ఉద్యోగం మానిపించింది. అదుగో, చెక్కు మళ్లీ, ఈసారి ఇటు వైపుకి. కాబట్టి చట్టం మారితే అంతా మారిందని నేను అనడం లేదు.

ఇప్పుడు మనం. "మనం కష్టపడి చదువుకుని వచ్చాం, మన జోలికి ఎవరూ రారు" అనే మాట ఉంది కదా. 2015 ఫిబ్రవరి, అలబామాలో మాడిసన్. గుజరాత్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన 57 ఏళ్ల తాతయ్య, మనవడిని చూసుకోవడానికి వచ్చాడు. పొద్దున్నే వీధిలో నడుస్తున్నాడు. మన అమ్మానాన్నలు వచ్చినప్పుడు చేసే పనే. పొరుగాయన పోలీసులకి ఫోన్ చేశాడు: సన్నగా ఉన్న నల్లవాడు ఒకడు ఇళ్లు చూసుకుంటూ తిరుగుతున్నాడు. పోలీసులు వచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, "ఇండియా" అని చెప్పాడు. కింద పడేసి కొట్టారు, వెన్నెముకకి దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడని స్థితి. రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, జడ్జి ఆ ఆఫీసర్ని వదిలేసింది. ఆ ఫోన్‌లో మనవాడి డిగ్రీ గురించి, వీసా గురించి ఎవరూ అడగలేదు.

ఇంకోటి కూడా అనకుండా ఉండలేను, కోపం వస్తే రానివ్వండి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురిని ఎన్‌కౌంటర్ చేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఇక్కడ మన గ్రూపుల్లో కూడా చప్పట్లే. జరిగిన అత్యాచారం, హత్య ఎంత ఘోరమో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? ఆయుధాలు లాక్కుని కాల్చారన్న కథ నమ్మదగ్గది కాదని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది. ఆ వార్తని మనలో ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? అక్కడ రిపోర్టు నమ్మేసి ఇక్కడ రిపోర్టు నమ్మనంటే ఎలా?

(ఒక యువకుడు: మరి ఇప్పుడు పరిస్థితి ఏమిటండీ? ఫెడరల్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది కదా?)

తగ్గింది బాబూ. మినియాపొలిస్, లూయివిల్ పోలీసు శాఖలతో ఇలాంటి కన్సెంట్ డిక్రీ ఒప్పందాల్ని 2025 మేలో ఫెడరల్ ప్రభుత్వం వద్దనుకుంది. మినియాపొలిస్‌లో రాష్ట్ర మానవ హక్కుల శాఖ పెట్టిన వేరే ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ పూర్తిగా గాలికి వదిలేయలేదు. సియాటిల్ కన్సెంట్ డిక్రీ 2025 సెప్టెంబరులో జడ్జి ముగించాడు, శాఖ చాలా మారిందని. మారింది, కాదనను, బలప్రయోగం తగ్గింది. అయితే ఇకమీదట చూసే జడ్జి లేడు, ఉన్నది సిటీ కౌన్సిల్, యూనియన్ కాంట్రాక్టు. పైనుంచి ఎవరో వచ్చి చూసే రోజులు పోయాయి కాబట్టి రాష్ట్రం, ఊరు, ఇవే మిగిలాయి. కొలరాడో 2020లో చట్టం చేసింది, చెడు ఉద్దేశంతో చేసిన ఆఫీసరు తన జేబులోంచి 25,000 డాలర్ల దాకా కట్టాలని. న్యూ మెక్సికో మరుసటి ఏడాది రాష్ట్ర కోర్టుల్లో ఆ ఇమ్యూనిటీ వాదనే తీసేసింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

(ఒకావిడ: మా అబ్బాయికి పదహారు, ఇప్పుడే లైసెన్సు వచ్చింది. ఏం చెప్పమంటారు? నిజంగా టెన్షన్‌గా ఉంది.)

అబ్బాయికి స్కూల్లో నేర్పే ఉంటారమ్మా. మీవారికి, మీ మామగారికి చెప్పండి. (నవ్వులు) నవ్వకండి, నిజం. మన ఊళ్లో పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తాం, అది మర్యాద. ఇక్కడ అలా దిగితే తుపాకి మీద చెయ్యి పడుతుంది. దిగొద్దు. చేతులు స్టీరింగు మీద. కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి అప్పుడు తియ్యండి. సోదా చేస్తానంటే ఒప్పుకోవడం లేదని మర్యాదగా చెప్పొచ్చు, గొడవ మాత్రం అక్కడ వద్దు. పేరు, బ్యాడ్జి నంబరు గుర్తుపెట్టుకోండి. పక్కన వేరేవాళ్లని ఆపినప్పుడు మీరు దూరంగా నిలబడి ఫోన్‌లో తీయొచ్చు, అది మీ హక్కు, పనికి అడ్డం రాకుండా ఉంటే చాలు. ఇది ముఖ్యంగా చెప్తున్నాను, మనం చూసీ చూడనట్టు పోతాం కదా.

చివరిగా ఒక పని గురించి. సియాటిల్‌లో ఒక ఆఫీసరు సంకెళ్లు వేసి కారులో కూర్చోబెట్టిన స్త్రీ ముఖం మీద గుద్దితే కంటి కింద ఎముక విరిగింది. చీఫ్ ఉద్యోగం పీకేసింది. యూనియన్ కాంట్రాక్టు ప్రకారం బయటి మధ్యవర్తి దగ్గరికి వెళ్లారు, అక్కడ పదిహేను రోజుల సస్పెన్షన్ చాలన్నారు. సిటీ కోర్టుకి వెళ్లి ఎన్నేళ్లో పోరాడితే ఆ తీర్పు రద్దయింది. ఈ మధ్యవర్తి నిబంధన కాంట్రాక్టులో ఉంటుంది. కాంట్రాక్టు చర్చలు తలుపులు మూసుకుని జరుగుతాయి, ఓటు మాత్రం కౌన్సిల్లో బహిరంగంగా వేస్తారు. 2024 మేలో పాత బకాయిలతో సహా 20 శాతం పైన జీతాలు పెంచుతూ ఓటేశారు, జవాబుదారీతనం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ రోజు మాట్లాడటానికి పేరు ఇచ్చిన జనంలో తెలుగు పేరు కోసం వెతికాను, కనిపించలేదు. బెల్వ్యూ, రెడ్మండ్, బాతెల్, మీరు ఎక్కడుంటే అక్కడ కౌన్సిల్ ఉంది, పోలీసు కాంట్రాక్టు ఉంది, అది ఎప్పుడు ముగుస్తుందో వెబ్‌సైటులో ఉంటుంది. ఆ ఓటుకి ముందు వెళ్లి రెండే అడగండి: క్రమశిక్షణ చర్య మీద చివరి మాట ఎవరిది, పోయిన ఏడాది ఎన్ని చెక్కులు రాశారు. మీకిచ్చే టైము రెండు నిమిషాలే, కొన్నిచోట్ల ఒక్క నిమిషం, కాబట్టి రాసుకుని వెళ్లండి.